బాపుతో మాట్లాడారా?



ఆ మధ్య జనగామ దగ్గరి ఒక పల్లె నుండి మన సంఘ యౌవనస్థుడొకడు నన్ను పట్నంలోని ఆసుపత్రికి పిలిపించాడు. డెబ్బై ఎనిమిదేండ్ల వాళ్ల బాపు ఊపిరితిత్తుల జబ్బు ముదిరి ఐ.సి.యు.లో ఉన్నాడు. నోట్లో గొట్టం, పక్కన వెంటిలేటర్. అప్పటికి తొమ్మిది రోజులు. ఉన్న ఎకరం అమ్మైనా వైద్యం చేయిద్దామని పెద్దవాడు, ఇంటికి తీసుకుపోదామని చిన్నవాడు వరండాలో వాదులాడుకుంటున్నారు. తల్లి మాత్రం బయట చెట్టు కింద ఒంటరిగా కూర్చుంది.

"అవ్వకు చెప్పకుండ్రి అయ్యగారూ, తట్టుకోదు" అన్నారు ఇద్దరూ.

నేను వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆమే అన్నది: "ఆయన పోతడని నాకెరుకే అయ్యగారూ. పిల్లగాండ్లు తట్టుకోరని నేనే అడుగుతలేను. గొట్టాలు పెట్టియ్యకు, నా మంచం మీదనే పోత అని పోయిన కోతలప్పుడే నాతోని చెప్పిండు."

ఒకరినొకరు కాపాడాలనే ప్రేమతోనే ఆ ఇంట్లో అందరూ మౌనంగా ఉన్నారు. ఆ మౌనం వల్ల, తెలియవలసిన ఒక్క మాట కొడుకులకు తెలియలేదు.

తల్లిని వెంటబెట్టుకొని అందరం డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. ఈ యంత్రం జబ్బును నయం చేస్తుందా, లేక ఊపిరి మాత్రం ఆడిస్తున్నదా? కోలుకొని ఇంటికి వచ్చే ఆశ ఉన్నదా? బాధ లేకుండా చూడగలరా? ఈ మూడే అడిగాం. ఇక కోలుకోరని ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఇంటికి చేర్చే వీలు లేకపోయింది గాని, చివరి రెండు రోజులు ఆయాసం తగ్గే మందులిచ్చారు, భార్యను లోపలికి రానిచ్చారు. ఆయన చెయ్యి ఆమె చేతిలో ఉండగానే నిద్రించాడు.

"యంత్రం తీయమంటే మేమే చంపినట్టు కాదా?" అని పెద్దకొడుకు ఏడ్చాడు. కాదు నాయనా. ప్రాణం తీసే సూది వేయడం వేరు, దానికి మన చట్టం ఒప్పుకోదు. నయం చేయలేని యంత్రాన్ని ఆపి, జబ్బు దారిన జబ్బును పోనిచ్చి, బాధను తగ్గించడం వేరు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఈ హక్కును గుర్తించింది. తనకు ఎలాంటి చికిత్స వద్దో మనిషి ముందే వ్రాసిపెట్టుకోవచ్చునన్నది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసింది: ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధ్రువీకరించుకుంటే చాలు. కాగితం లేకున్నా, ఆసుపత్రిలోని రెండు వైద్య బృందాలు పరిశీలించి, కుటుంబం సమ్మతిస్తే నిర్ణయం తీసుకోవచ్చు.

చికిత్స ఆపడమంటే మనిషిని వదిలేయడం కాదు. ఈ సత్యాన్ని లోకానికి చూపినది విశ్వాసియైన ఒక వైద్యురాలు. సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో, మరణానికి చేరువైనవారి నొప్పిని, ఒంటరితనాన్ని తీర్చే ఆసుపత్రిని తెరిచింది. మన తెలంగాణలోనూ ప్రభుత్వం 'ఆలన' పేరుతో ఇలాంటి సేవను జిల్లాల్లో ప్రారంభించింది. నర్సులు ఇంటికే వచ్చి నొప్పికి మందులిస్తారు, పుండ్లు కడుగుతారు. మీ జిల్లా ఆసుపత్రిలో అడగండి.

స్వస్థత కొరకు ప్రార్థించుట మానవద్దు. అయితే యాకోబును జ్ఞాపకం చేసుకోండి. మరణం సమీపించినప్పుడు ఆయన కుమారులందరినీ మంచం దగ్గరికి పిలిచి, తన్ను ఎక్కడ పాతిపెట్టవలెనో కూడ చెప్పాడు (ఆదికాండము 49). అది అవిశ్వాసం కాదు, పిల్లల మీద ప్రేమ.

గనుక ఈ రాత్రి కుటుంబ ప్రార్థన అయిన తరువాత, మీ అవ్వనో బాపునో పక్కన కూర్చోబెట్టుకొని మెల్లగా అడగండి. వారు మీరు అడగాలని ఎదురుచూస్తున్నారేమో!