రికార్డ్ అవుట్ ఎవరెత్తుకుపోయారు?

హోమ్ థియేటర్ రిసీవర్ మీద 'డీవీడీ' అని రాసున్న ఇన్‌పుట్‌కి సెట్‌టాప్ బాక్స్ తగిలించినా పనిచేస్తుంది. ఆ పేరు వట్టి లేబులే, మన కోడ్‌లో వేరియబుల్ పేరులాగా. దాంతో నాకే పేచీ లేదు. నా గొడవల్లా రికార్డర్ గురించే.

పాత రిసీవర్ల వెనక టేప్ ఇన్, టేప్ అవుట్ ఉండేవి. మనం ఎంచుకున్న సోర్సు, వాల్యూమ్‌తో సంబంధం లేకుండా, తిన్నగా రికార్డర్‌కి పోయేది. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. 2002లో హెచ్‌డీఎమ్‌ఐ వచ్చింది. ఒకటే తీగ, సుఖమే. కానీ దాంతోపాటే హెచ్‌డీసీపీ అనే కాపలావాడూ దిగాడు. కాపలా ఉన్న బొమ్మని టీవీకి పంపిస్తాడు, మామూలు రికార్డర్‌కి మాత్రం పంపడు. పాత రికార్డ్ అవుట్ ఇంకా మిగిలున్న రిసీవర్లలోనూ చాలావాటిలో హెచ్‌డీఎమ్‌ఐ సౌండు అందులోంచి రాదు.

"దొంగ కాపీలు ఆపాలి కదండీ" అంటారు. ఆగాయా? 2010లో హెచ్‌డీసీపీ మాస్టర్ కీ నెట్‌కెక్కింది, అది నిజమైనదేనని ఇంటెల్ కూడా ఒప్పుకుంది. దొంగలకి దారులు బోలెడు. ఇరుక్కున్నది ఆదివారం సినిమా సోమవారం చూసుకుందామనుకున్న మన బాబాయే :) అలా తర్వాత చూసుకోడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984లోనే, బీటామాక్స్ కేసులో తేల్చేసింది. చట్టం అడ్డుచెప్పని పనికి తీగ అడ్డుచెప్తోంది, మనం దాన్ని 'ఫీచర్' అని డబ్బులిచ్చి కొంటున్నాం.