పాత బండి కబుర్లు: కుడి మర, ఎడమ మర

పోయిన సంచికలో కార్బురేటర్ గురించి రాశాక, "మీ బాబాయిగారి హెరాల్డ్ ఇంకా ఉందా?" అని నలుగురైదుగురు అడిగారు. ఉందండీ. బొమ్మనహళ్ళిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది. కాకపోతే ముందు చక్రం పుణ్యమా అని మూడు నెలలు జాకీల మీదే గడిపింది.

పిల్లల కోసం రెండు మాటలు. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌నే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్‌గా తయారు చేశారు. బానెట్టు మడ్‌గార్డులతో సహా ముందుకు తెరుచుకుంటుంది. 25 అడుగుల చోటుంటే చాలు, ఒక్క ఊపులో వెనక్కి తిరుగుతుంది. ముందు చక్రాన్ని మోసే నిలువు ఉక్కు కమ్మీకి అడుగున మర ఉంటుంది. ఆ మర ట్రనియన్ అనే ఇత్తడి దిమ్మలో కూర్చుని, స్టీరింగు తిప్పినప్పుడల్లా అందులో తిరుగుతుంది. కుడివైపుది మామూలు మర. ఎడమవైపుది ఎడమ మర, అంటే సీసా మూత విప్పే దిక్కున తిప్పితే బిగుస్తుంది.

దానికి పెట్టాల్సింది గ్రీజు కాదు, ఇ.పి. 90 గేర్ ఆయిల్. బాబాయి మోకాలి ఆపరేషన్ తరువాత బండి చూసినవాళ్ళు గ్రీజు కొట్టారు. గ్రీజు గట్టిపడింది, నీళ్ళు చేరాయి, కుడి మర తుప్పు పట్టి అరిగింది. అక్కడ కమ్మీ విరిగిందంటే చక్రం పక్కకు వాలిపోయి, బండి ముక్కు రోడ్డును తాకుతుంది. సిల్క్ బోర్డు దగ్గర లారీల మధ్య ఆ ముచ్చట ఊహించుకోండి! మనవరాలిని పెళ్ళి మంటపానికి తానే తీసుకెళ్తానని బాబాయి అప్పటికే అందరికీ చెప్పేశాడు.

మెకానిక్ శివాజీనగర్ గుజరీలో వెతికి ఒక కమ్మీ, ఒక స్ప్రింగు తెచ్చాడు. మన పాత ట్రనియన్ ఆ కమ్మీకి ఎక్కించబోతే అర చుట్టు దగ్గరే బిగుసుకుంది. "నడెయత్తె సార్" అంటూ పానాకు పైపు తొడిగాడు. ఆగమన్నాను. టార్చి వేసి చూస్తే అది ఎడమ మర! ఇంకాస్త బలం పెట్టి ఉంటే ఇత్తడి మర కాస్తా పొడి అయ్యేది.

స్ప్రింగు సంగతీ అంతే. రెండూ నేల మీద పక్కపక్కన నిలబెడితే కొత్తగా తెచ్చింది వేలెడు పొట్టి. మధ్యలో రబ్బరు ముక్క దూరిస్తే సరి అన్నాడు. పాపం, అతని ఉద్దేశం మంచిదే. కానీ తీగ మందమే వేరైతే రబ్బరు ఏం చేస్తుంది? ఒక పక్క మెత్తగా, ఒక పక్క గట్టిగా ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి ఎటు వాలుతుందో ఎవరికి తెలుసు?

చివరికి చెన్నైలో ఒకాయన దగ్గర కుడి కమ్మీ దాని ట్రనియన్‌తో సహా దొరికింది. స్ప్రింగులు జతగా కొన్నాం. మరను చివరిదాకా ఎక్కించి, కాస్త వెనక్కి విప్పి అమర్చాం. లేకపోతే స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు అడుగు తగులుతుంది. రబ్బరు బుష్షుల బోల్టులు మాత్రం బండిని చక్రాల మీద దించాకే బిగించాం.

పెళ్ళినాడు బాబాయి నలభై దాటనివ్వలేదు. మంటపం ముందు దిగగానే పెళ్ళికూతురు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, "తాతయ్యా, చక్రం కింద నూనె కారుతోంది!" అంది.

"కారనీవే తల్లీ, పొద్దున నేనే పోశాను," అన్నాడు బాబాయి.