పాత చిప్పుతో కొత్త ఆట: కన్సోళ్ల లెక్క ఎక్కడ మారింది?

2025 ఆగస్టులో నింటెండో అమెరికాలో స్విచ్ కన్సోల్ ధర పెంచింది. 2017 మార్చిలో 300 డాలర్లకు విడుదలైన యంత్రం 340 డాలర్లకు చేరింది. అప్పటికి దాని వయసు ఎనిమిదేళ్లు. దాని స్థానంలోకి వచ్చిన స్విచ్ 2 రెండు నెలల ముందే దుకాణాల్లోకి దిగింది కూడా. అదే నెలలో సోనీ ప్లేస్టేషన్ 5 మీద మరో 50 డాలర్లు వడ్డించింది. మైక్రోసాఫ్ట్ అయితే ఆ ఏడాది ఎక్స్‌బాక్స్ ధరలను రెండుసార్లు సవరించింది, రెండుసార్లూ పైకే.

ఫోన్లకో కార్లకో ఇది పెద్ద వార్త కాకపోవచ్చు. కన్సోళ్ల చరిత్రలో మాత్రం ఇది తలకిందుల వ్యవహారం. 2000లో 299 డాలర్లకు అమెరికాలో అడుగుపెట్టిన ప్లేస్టేషన్ 2, 2009 నాటికి 99 డాలర్లకు దిగింది. మొత్తం 16 కోట్లకు చేరిన దాని అమ్మకాల్లో మంచి భాగం ఇలా ధర తగ్గాక కొన్నవాళ్లదే. మొదటి ఏడాది ఎగబడి కొనే వీరాభిమానులు కన్సోల్‌కు పేరు తెస్తారు. నాలుగైదేళ్లు ఆగి, ధర తగ్గాక పిల్లల కోసం కొనే మామూలు కుటుంబాలే దాన్ని విజయవంతం చేస్తాయి. ఇప్పుడు ఆ రెండో వరుస కొనుగోలుదారుకు దారి మూసుకుపోతోంది.

ఇది ఎంత పెద్ద మార్పో తెలియాలంటే గున్‌పెయి యొకొయి దగ్గరకు వెళ్లాలి. 1889లో పేకముక్కల తయారీతో మొదలైన క్యోటో కంపెనీ నింటెండోలో ఆయన 1965లో యంత్రాల మరమ్మతు పనికి చేరారు. ఒకసారి బుల్లెట్ రైల్లో, విసుగెత్తిన ఒక ప్రయాణికుడు కాలిక్యులేటర్ మీటలు నొక్కుకుంటూ కూర్చోవడం చూశారట. అప్పటికే కాలిక్యులేటర్ కంపెనీల పోటీ పుణ్యమా అని చిన్న ఎల్‌సీడీ తెరలు చవకైపోయాయి. వాటితో 1980లో 'గేమ్ అండ్ వాచ్' తయారైంది. అందరికీ తెలిసిన, ధర పడిపోయిన, మొరాయించని విడిభాగాన్ని తీసుకుని ఎవరూ ఊహించని చోట వాడటం ఆయన సూత్రం. వాడిపోయిన సాంకేతికతతో పక్కదారి ఆలోచన అనేవారు దాన్ని.

1989 నాటి గేమ్ బాయ్ ఆ సూత్రానికి అచ్చమైన రూపం. తెరకు రంగుల్లేవు, వెనక వెలుగు లేదు. అదే ఏడాది వచ్చిన అటారీ లింక్స్‌కు రంగుల తెర ఉంది, తర్వాతి ఏడాది వచ్చిన సెగా గేమ్ గేర్‌కూ ఉంది. కానీ వాటికి ఆరేసి బ్యాటరీలు కావాలి, అవీ నాలుగైదు గంటల్లో అయిపోతాయి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలకు పైనే ఆడించేది. లింక్స్ ధర దీనికి దాదాపు రెట్టింపు. అమెరికాలో గేమ్ బాయ్ పెట్టెలోనే టెట్రిస్ ఇచ్చారు కాబట్టి పిల్లాడి కోసం కొన్న బొమ్మను తల్లిదండ్రులు కూడా వదల్లేదు. రంగుల తెరతో తర్వాత వచ్చిన రూపాన్ని కలుపుకొంటే 11.8 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

బలహీనమైన యంత్రం గెలవడం కాకతాళీయం కాదనడానికి 2006 ఇంకో సాక్ష్యం. ఆ ఏడాది సోనీ ప్లేస్టేషన్ 3ను 499, 599 డాలర్లకు తెచ్చింది. సెల్ అనే సొంత ప్రాసెసర్, బ్లూ-రే డ్రైవ్ పెట్టింది. ఆ ధరకు అమ్మినా ఒక్కో యంత్రంపై నష్టమే. నింటెండో వీ మాత్రం 249 డాలర్లు. లోపల ఉన్నది దాదాపు పాత గేమ్‌క్యూబ్ యంత్రమే. కొత్తదల్లా చేతిలో పట్టుకుని ఊపే రిమోట్. అందులోని కదలిక సెన్సర్ కూడా, కార్ల ఎయిర్‌బ్యాగుల్లో అప్పటికే వాడుకలో ఉన్న తరహాదే. టెన్నిస్ రాకెట్ ఊపినట్టు ఊపితే చాలు, బామ్మ కూడా ఆడగలదు. పది కోట్లకు పైగా వీ యంత్రాలు అమ్ముడుపోయాయి.

అలాగని చవక విడిభాగమే మంత్రం అనుకుంటే పొరపాటు. ఆ సూత్రకర్త యొకొయి చేతిలోంచే 1995లో వర్చువల్ బాయ్ వచ్చింది. ఎర్రటి చుక్కల తెర, కళ్లకు ఆనించుకుని వంగి కూర్చోవాల్సిన స్టాండు. ఎనిమిది లక్షలు కూడా అమ్ముడుపోలేదు. మరుసటి ఏడాదే ఆయన కంపెనీ వదిలారు, 1997లో రోడ్డు ప్రమాదంలో మరణించారు. వీ తర్వాత 2012లో వచ్చిన వీ యూ కూడా 1.36 కోట్ల దగ్గరే ఆగిపోయింది. పేరు చూసి అది కొత్త కన్సోలో, పాతదానికి అదనపు పరికరమో చాలామందికి అర్థం కాలేదు. పైగా బయటి స్టూడియోలు దానికి ఆటలు చేయడం మానేశాయి. చేతిలోని తెరమీద ఆడుకోవడం అన్న వీ యూ ఆలోచననే సరిచేసి, 2015లోనే మార్కెట్లో ఉన్న ఎన్‌విడియా చిప్‌తో స్విచ్‌ను నిలబెట్టారు. అది 15 కోట్లు దాటింది.

శక్తిని నమ్ముకున్నవాళ్లు ఎప్పుడూ ఓడారని కూడా చెప్పలేం. తొలి ప్లేస్టేషన్ త్రీడీ బొమ్మల్లో మేటి. కానీ 1995లో సెగా తన శాటర్న్ ధర 399 డాలర్లు అని ప్రకటించిన రోజే సోనీ ప్రతినిధి వేదికెక్కి 299 అన్న ఒక్క అంకె చెప్పి దిగిపోయారు. 2013లోనూ అదే కథ: ఎక్స్‌బాక్స్ వన్ 499, ప్లేస్టేషన్ 4 ధర 399. కైనెక్ట్ కెమెరాను అందరికీ అంటగట్టడం, సెకండ్‌హ్యాండ్ డిస్కులపై ఆంక్షలు పెడతామని చెప్పి తర్వాత వెనక్కి తగ్గడం మైక్రోసాఫ్ట్‌కు అదనపు దెబ్బలు. ఇన్ని కథల్లోనూ మళ్లీ మళ్లీ కనిపించేవి ధర, ఆటల జాబితా. చిప్ వేగం వాటి తర్వాతే.

యంత్రాన్ని నష్టానికైనా అమ్మగలిగేది ఆటల మీద వాటా ఉంది కాబట్టి. బయటి కంపెనీ ఆటను కన్సోల్ సొంత ఆన్‌లైన్ దుకాణంలో అమ్మితే మామూలుగా 30 శాతం కన్సోల్ యజమానికి పోతుంది. ఈ లెక్క నిలవాలంటే యంత్రం తయారీ ఖర్చు ఏటా తగ్గాలి. చిప్‌ను చిన్నదిగా మార్చిన ప్రతిసారీ అది తగ్గేది. ఇప్పుడు ఆ తగ్గుదల మందగించింది, అత్యాధునిక చిప్ తయారీ ఖర్చు పెరుగుతోంది. ట్రంప్ సుంకాలు అమెరికా ధరల్ని ఎగదోశాయి. కృత్రిమ మేధ డేటా కేంద్రాల గిరాకీతో 2025 చివరికి మెమరీ చిప్‌ల ధరలు భగ్గుమన్నాయి. వాడిపోయిన సాంకేతికత చవకగా దొరుకుతుందన్నది యొకొయి సూత్రానికి పునాది. విడిభాగం పాతబడినా చవకబడకపోతే ఆ సూత్రం కూడా నిలబడదు. స్విచ్ 2 ప్రారంభ ధరే 450 డాలర్లు.

ఆటల వైపు పరిస్థితీ అంతే. 2023లో అమెరికా కోర్టు విచారణలో సరిగ్గా చెరపని పత్రాల నుంచి, 'ద లాస్ట్ ఆఫ్ అజ్ 2' తయారీకి సోనీ 22 కోట్ల డాలర్లు ఖర్చు చేసిందని బయటపడింది. అంత సొమ్ము ఒకే యంత్రం యజమానుల నుంచి రాబట్టడం కష్టం. అందుకే 6,870 కోట్ల డాలర్లకు యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను కొన్న మైక్రోసాఫ్ట్, ఎక్స్‌బాక్స్‌కు ప్రాణం లాంటి 'హేలో'ను ప్లేస్టేషన్‌కు కూడా ఇస్తామని ప్రకటించింది. తన ఆట తన యంత్రంలోనే ఉండాలన్న పట్టుదల ఆ కంపెనీకి ఇప్పుడు లేదు.

భారత్‌లో ఈ మార్పు మరోలా తగులుతుంది. ఇక్కడి మధ్యతరగతికి కన్సోల్ అంటే తొంభైల్లో నింటెండో ఫామికామ్‌కు నకళ్లుగా వచ్చిన 'టీవీ గేమ్' పెట్టెలు, మారియో, కాంట్రా క్యాసెట్లు. అసలు కంపెనీకి వాటి వల్ల దక్కిందేమీ లేదు. నింటెండో నేటికీ ఇక్కడ అధికారికంగా స్విచ్ అమ్మదు, దొరికేవి దిగుమతిదారులు తెచ్చినవే. సోనీ మాత్రం ఒక దశలో గట్టిగానే ప్రయత్నించింది. ప్లేస్టేషన్ 2 చవకబడిన రోజుల్లో, 2009లో, హైదరాబాద్ స్టూడియో అరోనా టెక్నాలజీస్ 'హనుమాన్: బాయ్ వారియర్' తయారుచేసింది. పూర్తిగా భారత్‌లో తయారైన తొలి కన్సోల్ గేమ్ అదే. అదే ఏడాది హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర 'దేశీ అడ్డా'లో కబడ్డీ, గాలిపటాలు పెట్టింది. ఆట నాణ్యత మీద విమర్శలున్నా ఆ ప్రయోగాలకు ఆస్కారమిచ్చింది చవక యంత్రమే. వేల రూపాయల యంత్రం ఇళ్లలోకి వస్తేనే స్థానిక ఆటకు గిరాకీ.

ప్లేస్టేషన్ 5 ఇక్కడ 2021 ఫిబ్రవరిలో రూ.49,990కి వచ్చింది, 2022 నవంబరులో రూ.54,990 అయింది. ఇంత పెట్టి కొన్నవారిలో చాలామంది ఆటల ఖర్చును డిస్కులు మార్చుకుంటూ, సెకండ్‌హ్యాండ్‌లో కొంటూ అదుపులో పెట్టుకుంటారు. ఆ వెసులుబాటుకూ ఎసరు వచ్చేలా ఉంది: 2024 నవంబరులో సోనీ విడుదల చేసిన ఖరీదైన ప్రో మోడల్ డిస్క్ డ్రైవ్ లేకుండానే వచ్చింది, కావాలంటే విడిగా కొనుక్కోవాలి.