బెదిరించి పెట్టించిన సంతకం చెల్లుతుందా?



కాగితం మీద వేలిముద్ర, దాని మీద రిజిస్ట్రేషన్ ఆఫీసు ముద్ర పడ్డాయంటే ఇక చేయగలిగేది ఏమీ లేదని మన పల్లెల్లో చాలామంది నమ్ముతారు. అది పూర్తిగా నిజం కాదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం కొన్ని ఒప్పందాలు మొదటి నుంచీ చెల్లవు. మైనరు చేసుకొన్న ఒప్పందం అటువంటిదని 1903లో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. మరికొన్ని చెల్లుతాయి గాని, నష్టపోయినవారు కోరితే రద్దవుతాయి. బెదిరింపు, మోసం, తప్పుడు మాట, ఎదుటివారి మీద ఉన్న పట్టును వాడుకోవడం, వీటిలో దేనివలన సంతకం పడినా అది ఈ రెండవ రకమే. కోరే హక్కు నష్టపోయినవారిదే. మోసం చేసినవాడు తానే వచ్చి “అది చెల్లదులే” అని తప్పించుకోలేడు.

బెదిరింపు అంటే కత్తి చూపడమే కానక్కరలేదు. 1917లో మద్రాసు హైకోర్టుకు చిక్కం అమ్మిరాజు, చిక్కం శేషమ్మల కేసు వచ్చింది. ఒక భర్త తాను చచ్చిపోతానని బెదిరించి, భార్య చేత, కొడుకు చేత తన సోదరునికి హక్కు విడుదల పత్రం రాయించాడు. ఆ ఆస్తి తమదని తల్లీకొడుకుల మాట. ముగ్గురు జడ్జీలలో ఇద్దరు ఇది బలవంతమేనన్నారు. మూడవ జడ్జి ఒప్పుకోలేదు. చచ్చినవాడిని చట్టం శిక్షించలేదు గదా అని ఆయన వాదన. శిక్షించలేకపోయినా నిషేధించిన పని నిషేధించినదేనని మిగతా ఇద్దరి జవాబు. ఇంట్లో ఉరితాడు చూపి సంతకాలు తీసుకొనే మగవారిని ఎరిగిన మాకు ఆ ఇద్దరి మాటే సబబనిపిస్తుంది.

అయితే ఒక సంగతి. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆత్మహత్యాయత్నాన్ని నేరమనే పాత సెక్షను అందులో అలాగే లేదు. కాబట్టి నేడు దావా వేసేవారు పట్టును వాడుకొన్నారనే కారణం కూడా రాయించుకోవడం మంచిది. మంచం పట్టిన ముసలివారిని చూసుకొనే బంధువే వారి పొలం కారుచౌకగా రాయించుకొంటే, పట్టు వాడుకోలేదని రుజువు చేసే బరువు ఆ బంధువు మీదే పడుతుంది.

తప్పుడు మాట విషయంలో మాత్రం చిన్న మెలిక ఉంది. మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకొనే వీలుండి కూడా ఊరుకొన్నవారికి ఈ హక్కు దొరకదు. అందుకే కొనేముందు ఇ.సి. తీయించమని మేము పదే పదే చెబుతాము.

రద్దు కోరే దావా, విషయం తెలిసిన రోజు నుంచి 3 సంవత్సరాలలోపు వేయాలి. పత్రం వలన పుచ్చుకొన్న సొమ్ము తిరిగి ఇవ్వాలి. మోసం తెలిసి కూడా మిగిలిన బాకీ పుచ్చుకొంటే ఒప్పుకొన్నట్టే కోర్టు చూడవచ్చు. అందుచేత ఆ డబ్బు పట్టుకొని ఎవరైనా గుమ్మంలోకి వస్తే, చేయి చాపకముందే వకీలును కలవండి.