వంటయింటి ముచ్చటలు: నేతిగిన్నె



మొన్నటి సంక్రాంతికి మా యింటికి ఆత్రేయపురపు పూతరేకులు వచ్చినవి. పొరుగింటి వదినగారి చేతిలో నొకటి పెట్టగా, ఆమె తినక కంట నీరు పెట్టిరి. "మా యాడపడుచు నిరుడు అండాశయపు క్యాన్సరుతో పోయినది గదా! పుట్టింటికి వచ్చినప్పుడెల్ల ముద్దపప్పులో నేయి నా చేతులతోనే పోసితిని. క్రొవ్వు తినుటచేత ఆ జబ్బు వచ్చునట. ఆ పాపము నాదేనా?" యని యడిగిరి.

నేయి లేని ముద్ద దిగని సీమ మనది. ఈ దిగులు ఆమె యొక్కరిదే కాకపోవచ్చును. కావున నాకు తెలిసినంత వ్రాయుచున్నాను.

అమెరికాలో 1993 మొదలు 2005 వఱకు, ముట్లుడిగిన 48,835 మంది స్త్రీలతో నొక పెద్ద పరిశోధన జరిగినది. చీట్లు తీసినట్లుగా వారిని రెండు వర్గములు చేసి, ఒక వర్గమునకు క్రొవ్వు తగ్గించి కూరలు, పండ్లు, ధాన్యములు హెచ్చుగా తినుట నేర్పిరి. రెండవ వర్గమును అలవాటైన తిండికే వదలిరి. ఫలితము 2007లో వెలువడినది. మొదటి నాలుగేండ్లలో మేలేమియు కానరాలేదు. తరువాతి నాలుగేండ్లలో, అలవాటు మార్చనివారిలో పదివేలమందికి ఏటికి సుమారు ఆఱుగురు ఈ వ్యాధి పాలు కాగా, మార్చినవారిలో సుమారు నలుగురైరి. మేలు కలదేమో గాని, అది స్వల్పము. ఏండ్లు గడచినగాని కానరానిది. పైగా వారు కూరలును హెచ్చుగా తినిరి గనుక, అంతయు క్రొవ్వు తగ్గుటచేతనే యనుటకు వీలు లేదు.

కాబట్టి ఒక మనిషికి వచ్చిన వ్యాధిని ఒక నేతిగిన్నెపై మోపుట తగదు. వయస్సు పైబడుట, తల్లికో తోబుట్టువునకో ఈ వ్యాధి గాని రొమ్ము క్యాన్సరు గాని వచ్చియుండుట, ఇవి అంతకంటె బలమైన కారణములు.

అటులని నూనె విచ్చలవిడిగా వాడుమనుట లేదు. కూర్చుండి పనిచేయు స్త్రీకి నేయి, నూనె కలిసి దినమునకు 20 గ్రాములు చాలునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2011లో చెప్పినది. అనగా నెలకు 600 గ్రాములు. నెల మొదట డబ్బా తూచి చూచుకొన్నచో మన చేతివాటము మనకే తెలియును. గుండెకును, మధుమేహమునకును ఆ మితము మంచిదే.

ఇంతకంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. ఆ యమ్మ నెలల తరబడి కడుపుబ్బరమనగా, మనమందఱము వాతమని వాము నమలించితిమి. తెలియక చేసినదే గాని, ఇకముందు చేయరాదు. కడుపుబ్బరము, నాలుగు ముద్దలకే కడుపు నిండుట, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికి మూత్రము వచ్చుట, ఇవి క్రొత్తగా మొదలై రెండు మూడు వారములు విడువకున్నచో వైద్యురాలిని చూడవలెను. తఱచుగా అది వేఱొక చిన్న జబ్బే కావచ్చును. కాని, ఏ బాధయు లేని స్త్రీలందఱిలో ఈ వ్యాధిని ముందే పట్టగల నమ్మకమైన పరీక్ష నేటికిని లేదు గనుక, శరీరము చెప్పు మాటను పెడచెవిని పెట్టరాదు.

ఇది యంతయు వదినగారికి చదివి వినిపించితిని. "మీ మేనకోడలు తల్లి జబ్బు సంగతి వైద్యురాలితో చెప్పినదా? వంశమున వచ్చు దోషమును కనుగొనుటకు రక్తపరీక్ష కలదు" అంటిని.

ఆమె కన్నులు తుడిచికొని, "ఈ రాత్రియే ఫోనులో చెప్పెదను" అని లేచిరి.