సమస్య మాది, సంపాదకీయం మీది, అవార్డు ఎవరిది? (9వ భాగం)



నవంబరు 16 జాతీయ పత్రికా దినం. ఆ రోజు శాలువాలూ జ్ఞాపికలూ చేతులు మారుతాయి. సరిగ్గా అదే తేదీన, 1996లో, బి.ఎన్. ఉనియాల్ 'పయనీర్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఢిల్లీలో ఒక దళిత జర్నలిస్టు కోసం వెతికితే ఒక్కరూ దొరకలేదన్నాడు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ లెక్క తీశాయి. పరిశీలించిన 121 పెద్ద కుర్చీల్లో 106 అగ్రకులాలవి. ఎస్సీ, ఎస్టీలవి సున్నా.

ఆ 1996లోనే మన గొట్టిపడియ దగ్గర వెలిగొండకు శంకుస్థాపన జరిగింది. ఆ ఏడు పుట్టిన పిల్ల ఇప్పుడు బిందె పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడుతోంది. వెలిగొండ మీద నేను చదివిన సంపాదకీయాల్లో ఎకరాలున్నాయి, టీఎంసీలున్నాయి, పార్టీల తిట్లున్నాయి. సెంటు భూమి లేని కూలీ లేదు. ఫ్లోరైడ్ నీళ్లకు వంగిన నడుము లేదు. మార్కాపురం పలకల పనిలో రాతిపొడి పీల్చే మనిషి లేడు. ట్యాంకరు ముందు ఏ వీధికి వెళ్తుందో, మాదిగపల్లెకు ఎప్పుడొస్తుందో ఎవరూ రాయలేదు. మరి ఏ 'ప్రజల' సమస్యకు ఈ అవార్డు?

"రాత చూడాలి గానీ కులమెందుకు?" అంటారు. సరే, రాతే చూద్దాం. ఎండలో బండేసుకుని తిరిగి ఆ వార్త తెచ్చింది మండల విలేకరి. అతనికి జీతం ఉండదు, ప్రకటనల టార్గెట్ ఉంటుంది. ప్రకటన ఇచ్చే పెద్దమనిషి మీద అతను ఏం రాయగలడు? రాయలేనిది డెస్కుకు చేరదు. డెస్కుకు చేరనిది సంపాదకీయం కాదు. సంపాదకీయం కానిది జ్యూరీ ముందుకు రాదు. కులం పనిచేసేది అక్కడ, వేదిక మీద కాదు.

బాబాసాహెబ్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' తెచ్చినప్పుడు, డబ్బులిస్తామన్నా 'కేసరి' దాని ప్రకటన వేయలేదు. అమెరికాలో మూకహత్యల మీద రాసిన నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ పత్రికా కార్యాలయాన్ని 1892లో మెంఫిస్‌లో ధ్వంసం చేశారు. ఆమె 1931లో చనిపోయింది. పులిట్జర్ ప్రత్యేక గౌరవం దక్కింది 2020లో.

మనకు అంత ఆలస్యం వద్దు. అవార్డు ఇచ్చేవాళ్లను మూడు ప్రశ్నలడుగుదాం. జ్యూరీలో దళితులెందరు? సంపాదకీయానికి ఆధారమైన వార్త ఎవరిది, అతనికెంత ఇచ్చారు? రాసినాయన ఆ వీధిలో ఎన్నిసార్లు కాలు పెట్టాడు?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! జవాబు వచ్చేదాకా కూర్చోవద్దు. గిద్దలూరు నుంచి పొదిలి దాకా మీ పల్లెకు ట్యాంకరు వచ్చిన తేదీలు రాసి పెట్టండి. మన సంపాదకీయం అక్కడే మొదలవుతుంది.

(మిగతాది 10వ భాగంలో)