తప్పు వెళ్ళినవాళ్ళది కాదు

ఊరు మారిన విశ్వాసి సంఘానికి దూరమైతే జవాబు చెప్పుకోవలసింది ఆ విశ్వాసి కాదు, అతణ్ణి సాగనంపిన పారిష్. “వాళ్ళే మానేశారండీ” అనే మాట కొల్లిపర నుంచి రేపల్లె దాకా లూథరన్ సంఘ పెద్దల నోట విని విని విసుగెత్తింది. మున్నంగి, దావులూరు, తూములూరు, వల్లభాపురం, ఏ ఊరు తీసుకున్నా విజయవాడకో హైదరాబాదుకో పనికి వెళ్ళినవాళ్ళున్నారు. వాళ్ళు వెళ్ళిన సంగతి పాలవాడికి తెలుసు, చీటీలావిడకు తెలుసు, రేషన్ డీలరుకు తెలుసు. పాస్టరు గారికి మాత్రం క్రిస్మస్‌కు తెలుస్తుంది.

వలస అంటే మగవాళ్ళే గుర్తొస్తారు గానీ, ఊరు మారేవాళ్ళలో ఎక్కువమంది అత్తవారింటికి వెళ్ళే ఆడపిల్లలు. పెళ్ళికి ముందు ఆదివారాల్లో ప్రకటనలు చదువుతారు, రిజిస్టరులో సంతకాలు పెట్టిస్తారు, దీవించి పంపుతారు. అక్కడితో సరి. బాపట్ల వైపు ఇస్తే, అక్కడ బాప్తిస్టు సంఘాలు పాతవి, బలమైనవి. పసితనంలో పొందిన బాప్తిస్మం వాళ్ళ లెక్కలోకి రాదు, మళ్ళీ నీళ్ళలో మునగాలి. లూథరన్ బోధ ప్రకారం రెండోసారి బాప్తిస్మమంటే మొదటిసారి దేవుడిచ్చిన మాటను కాదనడమే. ఇంత బరువైన తగువును ఇరవై ఏళ్ళ పిల్ల అత్తమామల ముందు ఒంటరిగా ఎలా తీర్చుకుంటుంది? ఆమె మునిగాక “జారిపోయింది” అని పేరు కొట్టేయడం సులువే. పెళ్ళి ఖాయమైన రోజే అవతలి పాస్టరు గారి దగ్గరకు వెళ్ళి కూర్చుని మాట్లాడవలసింది ఆమె కాపరి. ఆ పని చేయనివారికి ఆమెను తప్పుపట్టే హక్కు లేదు.

1842లో గుంటూరు వచ్చి ఈ సంఘాలకు పునాది వేసిన ఫాదర్ హయ్యరు 1857లో అమెరికా తిరిగి వెళ్ళారు. రాజమండ్రి లూథరన్ మిషన్‌ను ఆంగ్లికన్లకు అప్పగించబోతున్నారని 1869లో ఆయనకు తెలిసింది. అప్పటికి డెబ్బై ఆరేళ్ళు. ఆ వయసులో నేనే వెళ్తానని పెన్సిల్వేనియా సినడ్ ముందు నిలబడి, ఓడెక్కి, ఆ ఏడాదే రాజమండ్రి చేరారు. మిషన్ చేయి మారలేదు. ఆయన పేరు చెప్పుకునే పారిష్‌లలో నేడు హైదరాబాదుకు ఒక ఫోను చేసే నాథుడు లేడు.

పరిచయ పత్రం రాసివ్వడం సంఘానికి కొత్త కాదు. కెంక్రేయ నుంచి రోముకు వెళ్ళే ఫీబేను చేర్చుకోమని పౌలు రాసి పంపాడు. క్రీ.శ. 451 నాటి చాల్సెడోన్ మహాసభ, సాయం అవసరమైన బీదలు ప్రయాణం కడితే విచారించి పత్రమిచ్చి పంపాలని నియమం పెట్టింది. గమనించండి, ఆ నియమం బీదల కోసం. అమెరికా లూథరన్లలో సభ్యుడు సంఘం మారితే నేటికీ ఒక సంఘం నుంచి మరో సంఘానికి బదిలీ పత్రం వెళుతుంది. మన ఊళ్ళలో కాగితం అనగానే బయటికొచ్చేది చందా పుస్తకం. బతికున్నన్నాళ్ళూ పలకరించని మనిషిని సమాధుల తోటకు మోసుకొస్తే, బకాయి సంగతి తేల్చమనే పెద్దలున్నారు. ఇంతకన్నా సిగ్గుమాలిన పని మరొకటి లేదు.

పత్రమంటే భయపడే సభ్యులూ ఉన్నారు. క్రైస్తవులని కాగితం మీద తేలితే ఎస్సీ హోదా పోతుందన్న ఆ భయం ఉత్తది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఇవ్వదు, మన రాష్ట్రంలో అతను బీసీ-సీ. 2025లో రాష్ట్ర హైకోర్టు ఆ మాటే మరోసారి గట్టిగా చెప్పింది. మతం మారినంత మాత్రాన కులం చేసే అవమానం ఆగదని తెలిసీ ఇలా నిలబెట్టిన నియమం అన్యాయమని మా అభిప్రాయం. దానిపై సంఘాలు బహిరంగంగానే పోరాడాలి. అయితే కాగితానికి జంకే కుటుంబం ఉందన్న సాకుతో కాపరి చేతులు దులుపుకుంటే కుదరదు. జబ్బుపడ్డవాణ్ణి చూసి ప్రార్థన చేసి రమ్మని అక్కడి పాస్టరు గారికి చెప్పడానికి ఏ రిజిస్టరూ అక్కర్లేదు.

ఒక్క పాస్టరు పలు ఊళ్ళ సంఘాలను చూసుకోవాలి, ఎక్కడికని తిరుగుతారంటారు. నిజమే. మరి సినడ్ ఎన్నికలప్పుడు పట్నంలో ఉన్న ఓటరు ఫోను నంబరు ఎలా దొరుకుతోంది? ఏ ఇంటి కోడలు ఎక్కడుందో, ఎవరి కొడుకు ఏ పేటలో అద్దెకుంటున్నాడో స్త్రీల సమాజానికి తెలిసినంత మరెవరికీ తెలియదు. వాళ్ళ చేత జాబితా రాయించడానికి నాలుగు సాయంత్రాలు చాలు.

పాస్టర్ల బదిలీకి ఉత్తర్వు, చేరే తేదీ, అప్పగింతలు అన్నీ ఉన్నాయి. సభ్యుడి బదిలీకి ఏదీ లేదు. సినడ్ ఈ రెంటినీ ముడిపెట్టాలి. ఊరు దాటిన ప్రతి పేరు పక్కన అక్కడి కాపరి పేరు ఉండాలి. ఆయన “నేను చూసుకుంటున్నాను” అనే దాకా బాధ్యత పాత పాస్టరు గారిదే. ఆ జాబితా అప్పగించనిదే ఏ పాస్టరునూ పారిష్ నుంచి రిలీవ్ చేయకూడదు.